దోమంత డ్రోన్ ఎగురుతుంది సరే, ఎంతసేపు? ప్రకృతిని చూసి చేసిన డ్రోన్ల అసలు లెక్క

క్లుప్తంగా

పక్షుల్లా, పురుగుల్లా రెక్కలాడించే డ్రోన్లు నిజంగానే ఎగురుతున్నాయి, అందులో అబద్ధం లేదు. అయితే బ్యాటరీ, గాలి ఈ రెండూ వాటిని ల్యాబు గుమ్మం దాటి ఎక్కువ దూరం పోనివ్వడం లేదు. ప్రకృతి నుంచి తెచ్చుకున్నవాటిలో నిజంగా పనికొస్తున్నవి వేరే ఉన్నాయి. తేనెటీగ చూసే పద్ధతి, చీమ దారి గుర్తుపెట్టుకునే పద్ధతి, పిట్టల గుంపు పాటించే నియమాలు, కొమ్మ మీద వాలగానే కాలి వేళ్లు బిగుసుకునే తీరు. వీడియోలో ఇవేవీ పెద్దగా కనిపించవు కాబట్టి వీటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

2025 జూన్‌లో చైనా ప్రభుత్వ టీవీ సైనిక ఛానల్ సీసీటీవీ-7లో ఒక చిన్న దృశ్యం వచ్చింది. అక్కడి నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ డిఫెన్స్ టెక్నాలజీ విద్యార్థి ఒకరు దోమంత యంత్రాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించారు. ఆకుల్లాంటి రెండు రెక్కలు, వెంట్రుకంత సన్నటి కాళ్లు. నిఘా పనులకు, యుద్ధరంగంలో ప్రత్యేక అవసరాలకు పనికొస్తుందని చెప్పారు. చూసినవాళ్లకు వెంటనే వచ్చే టెన్షన్ ఒకటే, ఇక కిటికీలోంచి వచ్చే ప్రతి దోమనూ అనుమానించాలా అని. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే యంత్రం ఎంత చిన్నదో చూస్తే చాలదు. అది ఎంతసేపు ఎగురుతుంది, ఎంత గాలికి తట్టుకుంటుంది, తీసిన బొమ్మను ఎంత దూరం పంపగలదు అని అడగాలి.

అరవై సెకన్ల తూనీగ

ఈ ఆలోచన పాతదే. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ 1970ల్లోనే తూనీగంత యంత్రం ఒకటి చేయించింది. దాని పేరు ఇన్‌సెక్టోథాప్టర్. మాటలు వినే చిన్న పరికరాన్ని మోసుకెళ్లి అనుకున్న చోట వాలడం దాని పని. మొదట తుమ్మెద ఆకారంలో చేద్దామనుకున్నారు గానీ, తుమ్మెద ఎగిరే తీరు మరీ అడ్డదిడ్డంగా ఉండటంతో తూనీగకు మారారు. బరువు ఒక గ్రాము. లోపల బ్యాటరీ లేదు. రసాయన ఇంధనం నుంచి పుట్టే గ్యాసు రెక్కలను ఆడించేది, మిగిలిన గ్యాసు వెనక నుంచి బయటికి తన్నుకొచ్చి కాస్త ముందుకు తోసేది. లేజర్ కిరణంతో దారి చూపించేవాళ్లు. అలా 60 సెకన్ల పాటు, సుమారు 200 మీటర్లు వెళ్లేది.

ఆగిపోయింది గాలి దగ్గర. పక్క నుంచి వీచే గాలి గంటకు 8 కిలోమీటర్లు దాటితే అదుపు తప్పేది. గంటకు 8 కిలోమీటర్ల గాలి అంటే చెట్టు ఆకులు గలగలలాడి, ముఖానికి చల్లగా తగిలేంత, అంతకంటే ఏమీ కాదు. విశాఖ బీచ్‌లో చాలా సాయంత్రాలు అంతకంటే గట్టిగానే వీస్తుంది.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2011లో, అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో ఏరోవైరన్‌మెంట్ అనే కంపెనీ నానో హమ్మింగ్‌బర్డ్‌ను బయటపెట్టింది. బరువు 19 గ్రాములు, ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస వరకు 16 సెంటీమీటర్లు. గాల్లో ఒకేచోట నిలబడింది, వెనక్కీ పక్కకీ ఎగిరింది, కెమెరా కూడా మోసింది. ఇంజినీరింగ్ పరంగా అది నిజంగా గొప్ప పని. దానికి పెట్టిన పరీక్షల్లో రెండు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, బయటి కరెంటు లేకుండా 8 నిమిషాలు గాల్లో నిలవడం. రెండోది, పక్క నుంచి సెకనుకు 2 మీటర్ల వేగంతో, అంటే గంటకు 7 కిలోమీటర్లతో గాలి తోసినా మీటరుకు మించి కొట్టుకుపోకుండా ఉండటం. రెండూ నెగ్గింది. అయితే గాలి అంకెను ఒకసారి చూడండి, తూనీగ ఓడిపోయిన అంకె చుట్టుపక్కలే ఉంది.

చిన్నదానికి గాలితో ఇంత కష్టం ఎందుకంటే, బరువు తగ్గినంత వేగంగా విస్తీర్ణం తగ్గదు. ఒక వస్తువును అన్ని వైపులా సగానికి కుదిస్తే గాలి తగిలే విస్తీర్ణం నాలుగో వంతు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఎంత చిన్నదైతే గాలి దాన్ని అంత తేలిగ్గా నెట్టేస్తుంది. నిజమైన దోమా ఇదే ఇబ్బంది పడుతుంది, ఫ్యాన్ వేస్తే దోమలు దగ్గరికి రాలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఇంట్లో దోమకు పనిచేసే చిట్కా దోమంత డ్రోన్‌కు కూడా పనిచేస్తుంది.

రెక్క పైకి ఎలా లేపుతుంది

1934లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త ఆంటాయిన్ మాన్యాన్, విమానాల లెక్కలను పురుగులకు వేసి చూస్తే అవి ఎగరడమే అసాధ్యమని తేలుతోందని రాశాడు. "తుమ్మెద ఎగరలేదని సైన్స్ చెప్పింది" అంటూ ఇప్పటికీ తిరిగే మాటకు మూలాల్లో అదొకటి. లోపం లెక్కలోనే ఉంది. విమానం రెక్క కదలకుండా ఉంటుంది, గాలి దాని మీదుగా సాఫీగా జారిపోతుంది. పురుగు రెక్క ముందుకీ వెనక్కీ ఊగుతూ, ప్రతి ఊపు చివరా తిరగబడుతూ, సెకనుకు పదుల సార్లో వందల సార్లో ఆడుతుంది. రెండింటికీ ఒకే లెక్క వేస్తే జవాబు తప్పే వస్తుంది.

అసలు సంగతి 1996లో కేంబ్రిడ్జ్‌లో చార్లెస్ ఎల్లింగ్టన్ బృందం పెద్ద చిమ్మట ఒకదాని మీద చేసిన ప్రయోగాలతో తేటపడింది. రెక్కల చుట్టూ పొగ వదిలి చూస్తే, రెక్క ముందంచు మీద ఒక చిన్న గాలి సుడి పుట్టి, ఊపు పూర్తయ్యేదాకా రెక్కను అంటిపెట్టుకుని ఉంటోంది. విమానం రెక్కను అంత నిటారుగా లేపితే గాలి రెక్కను వదిలేసి విమానం పడిపోతుంది. ఇక్కడ మాత్రం ఆ సుడి రెక్క పైభాగంలో పీడనాన్ని తగ్గించి పురుగును పైకి లాగుతుంది. 1999లో మైఖేల్ డికిన్సన్ బృందం ఈగ రెక్కను ఎన్నో రెట్లు పెద్దదిగా చేసి, నూనె తొట్టిలో నెమ్మదిగా ఆడిస్తూ బలాలను కొలిచింది. నూనె ఎందుకంటే, అంత చిన్న ప్రాణికి గాలి మనకు అనిపించినంత పలచగా ఉండదు, చిక్కటి ద్రవంలో ఈదుతున్నట్టే ఉంటుంది. రెక్క తిరగబడే క్షణంలో అదనపు బలం పుడుతోందని, కిందటి ఊపులో తానే వదిలిన సుడిని తిరుగు ఊపులో మళ్లీ వాడుకుంటోందని ఆ కొలతల్లో తేలింది.

ఈ సుడి పురుగులకే పరిమితం కాదు. మేపుల్ చెట్టు విత్తనం గిరగిరా తిరుగుతూ నెమ్మదిగా దిగడానికి కూడా ముందంచు సుడే కారణమని 2009లో తేలింది. మన దగ్గర రోడ్ల పక్కన, తోటల్లో పెంచే మహోగని చెట్టు విత్తనానికి కూడా అలాంటి ఒంటిరెక్కే ఉంటుంది, కాయ పగిలినప్పుడు అది కూడా అలాగే తిరుగుతూ దిగుతుంది. మేపుల్ లాంటి ఒంటిరెక్క విత్తనాలను చూసి మేరీల్యాండ్ యూనివర్సిటీలో, సింగపూర్‌లో ఒంటిరెక్క డ్రోన్లు చేశారు. మొత్తం ఒళ్లే తిరుగుతుంది, మోటారు ఆగిపోయినా దబ్బున పడదు.

మరో కిటుకు చప్పట్లది. తెల్లదోమ పిల్లపురుగుల్లో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే కందిరీగ ఒకటుంది, పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. అది రెండు రెక్కలనూ వీపు మీద చప్పట్లు కొట్టినట్టు కలిపి ఒక్కసారిగా విడదీస్తుంది. విడిపోయేటప్పుడు మధ్యలోకి గాలి దూసుకొచ్చి అదనపు ఎత్తుడు బలం వస్తుంది. టోర్కెల్ వైస్-ఫో అనే శాస్త్రవేత్త దీన్ని 1973లో వివరించాడు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ 2005 నుంచి చేస్తున్న డెల్‌ఫ్లై డ్రోన్లన్నిటికీ ఈ చప్పట్లే ఆధారం. వాటిలో 2018లో వచ్చిన డెల్‌ఫ్లై నింబుల్ బరువు 29 గ్రాములు, రెక్కల వెడల్పు 33 సెంటీమీటర్లు, సెకనుకు 17 సార్లు రెక్కలాడిస్తుంది, గంటకు 25 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఒక్క ఛార్జితో 5 నిమిషాలు గాల్లో నిలుస్తుంది, లేదా కిలోమీటరుకు పైగా వెళ్తుంది. ఇది పండ్ల ఈగను అనుకరించి, చేత్తో కొట్టబోతే ఈగ ఎలా పక్కకు తిరిగి తప్పించుకుంటుందో అలాగే తప్పించుకుంది. ఆ మలుపులో ఈగ ఒంటికి ఏం జరుగుతుందో ఈగ మీద కొలవడం కష్టం, యంత్రం మీద కొలిచారు. జీవశాస్త్రానికి డ్రోన్ తిరిగి ఇచ్చిన పాఠం అది.

కొవ్వు ముందు బ్యాటరీ

ఇంత బాగా ఎగిరేది అయిదు నిమిషాలకే ఎందుకు దిగిపోతుంది? ఇక్కడే మొత్తం విషయం ఉంది, నిదానంగా చూడాల్సిన చోటు ఇదే.

ఒక గ్రాము కొవ్వులో సుమారు 37 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. మంచి లిథియం అయాన్ బ్యాటరీ గ్రాముకు ఒక కిలోజౌల్ కూడా ఇవ్వదు. అంటే పక్షి మోసుకెళ్లే ఇంధనం దాదాపు నలభై రెట్లు చిక్కనిది. కండరం ఆ శక్తిలో ఐదో వంతో నాలుగో వంతో మాత్రమే పనిగా మారుస్తుంది, మంచి మోటారు చాలా ఎక్కువ మారుస్తుంది, కాబట్టి తేడా కాస్త తగ్గుతుంది. తగ్గినా పది రెట్లకు అటూఇటూగా పక్షిదే పైచేయి. 2022లో ఒక బార్-టెయిల్డ్ గాడ్‌విట్ పక్షి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరినట్టు దానికి కట్టిన ట్రాకర్ చెప్పింది. ఇంకో తేడా కూడా ఉంది. పక్షి ఎగిరే కొద్దీ కొవ్వు కరిగి తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు అంతే ఉంటుంది, దిగేదాకా దాన్ని మోయాల్సిందే.

చిన్నదయ్యే కొద్దీ మోటారు కూడా మొరాయిస్తుంది. మామూలు ఎలక్ట్రిక్ మోటారును బియ్యపు గింజంత చేస్తే, ఇచ్చిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా, రాపిడిగా పోతుంది. అందుకే హార్వర్డ్‌లో రాబర్ట్ వుడ్ బృందం చేసిన రోబోబీలో మోటారు లేదు. కరెంటు తగిలితే వంగే పీజో పలకలు సెకనుకు 120 సార్లు రెక్కలాడిస్తాయి. బరువు 80 మిల్లీగ్రాములు, రెక్కల వెడల్పు 3 సెంటీమీటర్లు. 2013లో అది అదుపుగా ఎగిరినప్పుడు కరెంటు సన్నటి తీగ ద్వారా కింది నుంచి వచ్చింది. తీగ తెంపి ఎగరడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. 2019లో నాలుగు రెక్కలు పెట్టి, నెత్తిన సోలార్ పలకలు కట్టి ఎగరేశారు. అప్పుడు వాడిన వెలుగు మామూలు ఎండకు మూడు రెట్లు. ఎగిరింది అర సెకను. ఆ అర సెకను శాస్త్రపరంగా చాలా పెద్ద విజయం, ఎందుకంటే అంత తేలికైన యంత్రం తన శక్తి ఏర్పాటును తానే మోస్తూ నిలకడగా ఎగరడం అదే మొదటిసారి. నిఘాకు మాత్రం అర సెకను దేనికీ చాలదు.

దోమంత దానిలో బ్యాటరీ పెట్టాక కెమెరాకు, ఆ దృశ్యాన్ని పంపే రేడియోకు, యాంటెనాకు మిగిలే బరువు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. అంత చిన్న రేడియో సిగ్నల్ దూరం పోవాలంటే మళ్లీ శక్తే కావాలి. కాబట్టి దోమంత డ్రోన్ వచ్చి గదిలో గంటలకొద్దీ కూర్చుని దృశ్యాలు పంపుతుందన్న భయానికి, ఇప్పుడు బయటకు తెలిసిన టెక్నాలజీలో ఆధారం లేదు.

పక్షికి చక్రం లేదు

అసలు రెక్కలాడించాల్సిన అవసరం ఏముంది అన్నది న్యాయమైన ప్రశ్న. ఫ్యాన్లు తిప్పే డ్రోన్లు పెళ్లి వీడియోల దగ్గర్నుంచి పొలంలో మందు కొట్టడం దాకా అన్నీ చేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకు తిండి, మందులు చేరవేసినవీ అవే.

పక్షులు, పురుగులు రెక్కలాడించడానికి ఒక బలమైన కారణం, వాటి శరీరంలో ఫ్యాన్ పెట్టుకోవడానికి వీల్లేకపోవడం. ఇరుసు మీద ఆగకుండా ఒకేవైపు తిరిగే భాగంలోకి రక్తనాళాలు, నరాలు వెళ్లలేవు, మెలిపడి తెగిపోతాయి. బ్యాక్టీరియా తోకలాంటి అతి చిన్న ఏర్పాట్లను పక్కన పెడితే జీవ ప్రపంచంలో చక్రం లేదు. మనిషికి ఆ అడ్డు లేదు. ఊగే రెక్కకు ప్రతి ఊపులోనూ ఆగి, తిరగబడి, మళ్లీ వేగం అందుకోవడంలో శక్తి ఖర్చవుతుంది, గేర్లు, కీళ్లు అరుగుతాయి. తిరిగే ఫ్యాన్‌కు ఆ బాధ లేదు, ఒక మోటారు, ఒక ప్లాస్టిక్ ఫ్యాన్, అది విరిగితే నిమిషంలో ఇంకోటి.

2014లో ఒక బృందం మ్యూజియంలలో దాచిన 12 జాతుల హమ్మింగ్‌బర్డ్ రెక్కలను తీసుకుని, వాటిని బ్లాక్ హార్నెట్ అనే అతి చిన్న హెలికాప్టర్ డ్రోన్ ఫ్యాన్‌తో పోల్చింది. సగటు చూస్తే రెండూ దాదాపు సమానం. ఒక్క అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ రెక్క మాత్రం 20 శాతానికి పైగా మెరుగ్గా తేలింది. కోట్ల ఏళ్ల పరిణామం ఒకవైపు, కొన్నేళ్ల ఇంజినీరింగ్ ఒకవైపు పెట్టి తూచితే ఇంత దగ్గరగా వచ్చింది. ఇంకో పోలిక కూడా ఉంది. నార్వేలో పుట్టిన ఆ బ్లాక్ హార్నెట్ మొదటి మోడల్ బరువు 20 గ్రాముల లోపే, అంటే నానో హమ్మింగ్‌బర్డ్ అంతే. అది గాల్లో ఉండగలిగేది 25 నిమిషాల దాకా. బ్రిటిష్ సైనికులు దాన్ని 2013 నాటికే అఫ్గానిస్తాన్‌లో వాడుతున్నారు, హమ్మింగ్‌బర్డ్ మాత్రం ప్రయోగంగానే మిగిలింది.

రెక్కలకు మిగిలే లాభాలు కొన్ని ఉన్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. మెత్తటి రెక్క వేలికి తగిలినా తెగదు, గోడకు కొట్టుకున్నా విరగదు, మనుషుల మధ్య, పాలీహౌస్ మొక్కల మధ్య ఎగరేయడానికి అది చాలా ముఖ్యం. చెవులు హోరెత్తించే ఫ్యాన్ మోత కూడా ఉండదు. గ్రాము లోపు బరువులకు దిగినప్పుడు ఫ్యాన్ పనితనం బాగా పడిపోతుంది, కాబట్టి ఆ సైజులో రెక్కదే దారి కావచ్చు.

అద్దం లాంటి నీళ్ల మీద తేనెటీగ

ప్రకృతి దగ్గర నేర్చుకున్నవాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది చూపు. ఈ కథలో ముఖ్యుడు మాండ్యం శ్రీనివాసన్, బెంగళూరులో ఇంజినీరింగ్ చదివి ఆస్ట్రేలియాలో స్థిరపడిన శాస్త్రవేత్త. తేనెటీగ రెండు కళ్లూ చాలా దగ్గరగా ఉంటాయి, మనలా రెండు కళ్ల తేడాతో దూరం పసిగట్టడం దానికి కుదరదు. మరి ఇరుకు సందులో గోడలకు తగలకుండా మధ్యగా ఎలా పోతుంది? రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి కరెంటు స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి, దూరపు కొండ మెల్లగా కదులుతుంది. తేనెటీగ వాడేది దీన్నే. కుడి కంటికీ ఎడమ కంటికీ దృశ్యం ఒకే వేగంతో వెనక్కి జారేలా చూసుకుంటుంది, అప్పుడు తాను మధ్యలో ఉన్నట్టే. గోడల మీద చారలు గీసి, ఒక గోడను ఈగ వెళ్లే దిశలోనే కదిలిస్తే, ఆ గోడ దూరంగా ఉందనుకుని ఈగ దానివైపు జరిగింది. వాలేటప్పుడు కూడా నేల జారే వేగం మారకుండా చూసుకుంటే చాలు, కిందికి వచ్చే కొద్దీ దాని వేగం తానే తగ్గుతుంది. ఎత్తు కొలవక్కర్లేదు, వేగం కొలవక్కర్లేదు.

దూరం కూడా అలాగే లెక్కేస్తుంది. గీతలు గీసిన ఇరుకు గొట్టంలో కొన్ని మీటర్లు ఎగిరి తిరిగొచ్చిన ఈగలు, తుట్టెలో తోటి ఈగలకు నాట్యం చేసి చెప్పేటప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు దూరం వెళ్లొచ్చినట్టు చెప్పాయి. గోడలు దగ్గరగా ఉండి దృశ్యం వేగంగా జారింది కదా, దానికి అది చాలా దూరం.

ఇప్పుడు మామూలు కెమెరా డ్రోన్ల కడుపు కింద నేలను చూసే చిన్న కెమెరా ఉంటుంది, జీపీఎస్ లేని చోట డ్రోన్ కొట్టుకుపోకుండా నిలబడేది దానివల్లే. పనిచేసే సూత్రం తేనెటీగదే. బలహీనత కూడా తేనెటీగదే. కదలిక లేని సరస్సు మీదుగా ఎగిరే తేనెటీగలు, కింద జారే దృశ్యం ఏమీ లేక, ఎత్తు తప్పి నీళ్లలో పడటం 1963లోనే హెరాన్, లిండౌవర్ అనే పరిశోధకులు చూశారు. డ్రోన్ మాన్యువల్స్‌లో నీళ్ల మీద తక్కువ ఎత్తులో ఎగరేయొద్దని ఉండటానికి ఒక కారణం ఇదే. గోదావరి మీదో చెరువు మీదో ప్రీ వెడ్డింగ్ షూట్ చేసేటప్పుడు డ్రోన్ ఉన్నట్టుండి కిందికి జారితే కెమెరా పాడైందనుకోనక్కర్లేదు. అంగారకుడి మీద 72 సార్లు ఎగిరిన నాసా చిన్న హెలికాప్టర్ ఇన్‌జెన్యుయిటీ కూడా 2024 జనవరిలో గుర్తులేమీ లేని ఇసుక తిన్నెల మీదే దెబ్బతింది. అది వాడే లెక్క వేరైనా, కింద చూడటానికి ఏమీ లేకపోతే వచ్చే చిక్కు ఒకటే.

చీమ కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. సహారా ఎడారి చీమ అడుగులు లెక్కపెట్టుకుని ఇంటికి వస్తుందని 2006లో తేలింది. తిరుగు ప్రయాణానికి ముందు చీమల కాళ్లకు పంది వెంట్రుకలతో పొడవు పెంచి వదిలితే అవి పుట్ట దాటి ముందుకెళ్లి వెతుక్కున్నాయి, అడుగుల సంఖ్య సరిపోయింది గానీ అడుగు పెద్దదైంది మరి. దారిలో అక్కడక్కడా చూసిన దృశ్యాలను కూడా గుర్తుపెట్టుకుంటుంది. 2024లో డెల్ఫ్ట్ బృందం ఈ రెండూ కలిపి 56 గ్రాముల డ్రోన్‌కు నేర్పింది. కొంతదూరం కొలతతో వెళ్లు, మధ్యమధ్య ఒక చిన్న బొమ్మ గుర్తుపెట్టుకో, తిరిగొచ్చేటప్పుడు ఆ బొమ్మతో దారి సరిచేసుకో. వంద మీటర్ల దారికి పట్టిన మెమరీ 1.16 కిలోబైట్లు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి, అంత చోటులో ఈ పేరా కూడా పట్టదు. దారి మొత్తం మ్యాపు గీసుకునే డ్రోన్లకు పెద్ద ప్రాసెసర్, దానికి పెద్ద బ్యాటరీ కావాలి. చీమ పద్ధతి ఆ బరువునే తీసేస్తోంది, అందుకే ఇది రెక్కల కంటే పెద్ద విషయం.

పున్నమి ఘాట్ వెలుగులు గుంపు కాదా?

2024 అక్టోబర్ 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు కృష్ణ మీద బొమ్మలు గీశాయి. చూడటానికి పిట్టల గుంపులానే ఉంటుంది, పనిచేసే తీరు మాత్రం వేరు. ఇలాంటి ప్రదర్శనల్లో ఏ డ్రోన్ ఏ క్షణంలో ఎక్కడుండాలో ముందే కంప్యూటర్లో రాసి పెడతారు, ప్రతిదీ కచ్చితమైన జీపీఎస్‌తో తన గీత మీద తాను పోతుంది. పక్కదాన్ని చూసి నిర్ణయం తీసుకోదు. బాగా రిహార్సల్ చేసిన కవాతు లాంటిది.

పిట్టల గుంపుకు నాయకుడూ లేడు, ముందే గీసిన గీతా లేదు. చలికాలంలో మన జొన్న చేల మీద వాలే గులాబీ గోరింకల గుంపు చూసినవాళ్లకు ఇది తెలుసు, డేగ కనబడగానే వేల పిట్టలు ఒక్క ఒంట్లా మెలి తిరుగుతాయి. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ కంప్యూటర్ మీద మూడే నియమాలతో దీన్ని తెప్పించాడు. పక్కవాడిని గుద్దకు, పక్కవాళ్లు పోయే వైపే పో, గుంపు మధ్యకు దగ్గరగా ఉండు. రోమ్ నగరం మీద ఎగిరే స్టార్లింగ్ (గోరింక జాతి) గుంపులను ఎన్నో కెమెరాలతో తీసిన ఇటలీ బృందం, ప్రతి పిట్టా తన దగ్గరి ఆరేడు పిట్టలనే పట్టించుకుంటుందని 2008లో చెప్పింది. అవి ఎంత దూరంలో ఉన్నా సరే, లెక్క ఆరేడే. అందుకే గుంపు సాగినా ముడుచుకున్నా చెదిరిపోదు. ఆ పనిలో పాలుపంచుకున్న జార్జియో పరీసీకి, సంక్లిష్ట వ్యవస్థల మీద చేసిన పరిశోధనలకు 2021లో నోబెల్ వచ్చింది. 2018లో బుడాపెస్ట్‌లో 30 డ్రోన్లు కేంద్ర కంప్యూటర్ ఆజ్ఞలు లేకుండా ఆరుబయట గుంపుగా ఎగిరాయి. 2022లో చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్లవి పది డ్రోన్లు వెదురు తోపులో చెట్లకు, ఒకదానికొకటి తగలకుండా దూసుకెళ్లాయి. వరదలో గాలించడానికి, అడవిలో మంటలు వెతకడానికి కావాల్సింది ఈ రకం గుంపు. జీపీఎస్ అందకపోయినా, రెండు డ్రోన్లు పడిపోయినా మిగిలినవి పని కానిస్తాయి. యుద్ధంలోనూ ఇదే గుణం కోసం వెతుకుతున్నారు, నిజానికి భయపడాల్సింది ఏదైనా ఉంటే అది దోమ సైజులో కంటే ఇక్కడే ఎక్కువ.

ఈకలు, కాలి వేళ్లు

స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ లెంటింక్ బృందం 2020లో నిజమైన పావురం ఈకలు నలభై గుచ్చిన డ్రోన్‌ను ఎగరేసింది. రెక్క మడిచినా చాపినా ఈకల మధ్య సందు ఎందుకు పడదో దానితో తెలిసింది. పక్కపక్క ఈకలను కంటికి కనబడని కొక్కేలు పట్టుకుంటాయి, విడదీస్తే వెల్‌క్రో చించినట్టు చప్పుడవుతుంది. చప్పుడు లేకుండా ఎగరాల్సిన గుడ్లగూబలో ఆ కొక్కేలు లేవు. గుడ్లగూబ రెక్క ముందంచున దువ్వెన పళ్లు, వెనకంచున కుచ్చులు, పైన మఖమల్ లాంటి నూగు ఉంటాయని 1934లోనే గ్రాహమ్ అనే పరిశీలకుడు రాశాడు. ఆ అంచులను ఫ్యాన్ల మీదికి తెచ్చి మోత తగ్గించే పని నడుస్తోంది.

కాళ్ల సంగతి ఎక్కువమంది పట్టించుకోరు గానీ బ్యాటరీ సమస్యకు అది మంచి జవాబు. పక్షి కొమ్మ మీద వాలినప్పుడు ఒంటి బరువుకే స్నాయువులు లాగబడి వేళ్లు బిగుసుకుంటాయని, నిద్రపోయినా పట్టు సడలదని, శక్తి ఖర్చు కాదని చెబుతారు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు డేగ కాళ్లను చూసి అలాంటి కాళ్లు చేసి డ్రోన్‌కు పెట్టారు. నాలుగు గంటలు గాల్లో ఉండి చూడటం ఇలాంటి చిన్న డ్రోన్‌కు సాధ్యం కాదు, కొమ్మ మీద కూర్చుని చూడటం సాధ్యమే. 2024 చివర్లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ అనే టెక్నాలజీ యూనివర్సిటీ ఇంకో అడుగు వేసింది. కాకిలా నడిచి, గెంతి, ఆ గెంతుతోనే గాల్లోకి లేచే రేవెన్ అనే డ్రోన్ చేసింది. రన్‌వే అక్కర్లేదు, నాలుగు ఫ్యాన్ల ఖర్చూ అక్కర్లేదు.

అచ్చం డేగలా ఉండాల్సిన చోటు

ఇంతవరకూ సూత్రం ముఖ్యం, ఆకారం కాదు అన్నట్టు వచ్చింది. దీనికి ఒక మినహాయింపు ఉంది. మంచె మీద కూర్చుని వడిసెలతో రాళ్లు విసిరి జొన్న చేను కాపాడుకునే రైతుకు తెలుసు, దిష్టిబొమ్మకు పిట్టలు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతాయి. విమానాశ్రయాలకూ అదే తలనొప్పి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో రోబోట్‌ఫాల్కన్ అనే డ్రోన్ ఫలితాలు ప్రచురించారు. ఫ్యాన్లతో ఎగిరేదే, కానీ రంగు, ఆకారం, ఎగిరే తీరు పెరెగ్రిన్ డేగలా ఉంటాయి. అయిదు నిమిషాల్లోపే పొలాల్లోంచి పక్షి గుంపులను ఖాళీ చేయించింది, మామూలు డ్రోన్ కంటే త్వరగా. ఇక్కడ పక్షిని భయపెట్టేది ఆకారమే కాబట్టి ఆకారం కావాలి.

ముందు ఏం మారొచ్చు

మన డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, వాటికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. ఇప్పటిదాకా చెప్పిన రెక్కల డ్రోన్లు చాలావరకు బరువులో అందులోనే పడతాయి. అవే రూల్స్ డ్రోన్లను విమానం రకం, రోటర్ రకం, రెండూ కలిసిన హైబ్రిడ్ రకం అని మూడుగా విడదీశాయి. రెక్కలాడించేదానికి విడిగా ఒక గడి లేదు. అవి మార్కెట్లోకి వస్తే గోప్యత ప్రశ్న బరువుతో తేలేది కాదు, మోసే కెమెరాతో తేలేది, దాన్ని ఆ రూల్స్‌లో స్పష్టంగా రాసుకోవాల్సి వస్తుంది.

పరాగ సంపర్కం చేసే రోబో తేనెటీగ మీద కూడా చాలా ఆశలు ఉన్నాయి. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి చేలల్లో కూలీలు పువ్వు పువ్వుకూ చేత్తో చేసే క్రాసింగ్ పని చూసినవాళ్లకు ఆ ఆశ అర్థమవుతుంది. కానీ ఆ పనిలో ముందురోజు సాయంత్రం మొగ్గలోంచి మగ భాగం తీసేయడం సగం. పువ్వు మీద వాలడం నేర్చుకున్నంత మాత్రాన రోబో ఆ పని చేయలేదు. 2025 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో కెవిన్ చెన్ బృందం పేపర్ క్లిప్ కంటే తేలికైన పురుగు రోబోను 1,000 సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు గాల్లో నిలిపింది. రోబోబీ నాటితో పోలిస్తే చాలా పెద్ద దూకుడు. బ్యాటరీ, సెన్సర్లు మోసేలా చేయడమే తర్వాతి లక్ష్యమని ఆ బృందం చెప్పింది. ఆ 17 నిమిషాలూ దానికి కరెంటు వచ్చింది మాత్రం కింది నుంచి వేలాడే తీగలోంచే.